పాత బాట మీద వేపరెమ్మ

దయ్యాల మాట వస్తే లేచి పక్క గదిలోకి వెళ్లిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. కాలేజీలో మధ్యాహ్నం అన్నాలప్పుడు ఎవరైనా మొదలుపెడితే పుస్తకం తెరుచుకుని కూర్చుంటాను. ఇప్పటికీ నమ్ముతానని చెప్పలేను. అందుకే ఇది రాయడానికి ఏడాది పట్టింది. ఆ రోజు డైరీలో రాసుకున్న నాలుగు పేజీలు ముందు పెట్టుకుని, అందులో ఉన్నంతవరకే రాస్తున్నాను.

మాది నారాయణఖేడ్. ఒక జూనియర్ కాలేజీలో లైబ్రరీ చూసుకుంటాను. మా పెద్దలు ఎప్పుడో బీదర్ వైపు నుంచి వచ్చారు. ఇంట్లో తండ్రిని అప్ప అని, తల్లిని అవ్వ అని పిలుస్తాం.

అప్ప సైకిల్ మీద ఊరూరా తిరిగి బట్టలు అమ్మేవాడు. వెనక క్యారియర్ మీద చీరల మూట, ముందు హ్యాండిల్‌కు జాకెట్ ముక్కల సంచి. ఆయనకు జోడీ బసప్ప కాక. చుట్టం కాదు, కానీ చిన్నప్పటి నుంచీ కాకా అనే పిలిచాను. ఇద్దరూ మనూర్, కంగ్టి వైపు ఊళ్లు తిరిగేవాళ్లు. ఒకే ఊరికి ఇద్దరూ వెళ్తే ఇద్దరికీ బేరం పోతుంది కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నారు.

బాట రెండుగా చీలే చోట ఆ రోజు ఊరు ఎంచుకునే వంతు ఉన్నవాడు వేపరెమ్మ ఒకటి రాయి కింద పెట్టాలి. ఆకులు ఎటు ఉంటే అటు వెళ్లాడని గుర్తు. రెండోవాడు వచ్చి చూసి ఇంకో ఊరికి పోతాడు. రెమ్మ లేకపోతే వంతు ఉన్నవాడు ఇంకా రాలేదని అర్థం. వచ్చేదాకా అక్కడే ఆగాలి. ఫోన్లు వచ్చాక కూడా ఈ పద్ధతి మానలేదు. ఆ దారుల్లో సిగ్నల్ ఉండేది కాదు.

నాకు పన్నెండేళ్లప్పుడు, పెళ్లిళ్ల రోజుల్లో ఇద్దరికీ చెడింది. బసప్ప కాక చీలిక దగ్గరికి వస్తే రాయీ లేదు, రెమ్మా లేదు. అప్ప కోసం సాయంత్రం దాకా కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా కుడివైపు ఊరి నుంచి అప్ప ఖాళీ క్యారియర్‌తో వచ్చాడు. పొద్దున ఎడమవైపు ఊళ్లో అమ్మి, పొలాల వెంట కుడివైపు ఊరి మీదుగా తిరిగి వస్తుంటే అక్కడి ఆడవాళ్లు ఆపి మిగిలినవి కొనేశారు. కాకకు తోచింది ఒక్కటే. తనను బాట మీద కూర్చోబెట్టి రెండు ఊళ్లూ కొట్టేశాడని.

మరునాడు మా ఇంటి ముందు నిలబడి అరిచాడు. రెమ్మను మేక తిన్నదేమో అని అవ్వ సర్దిచెప్పబోయింది.

“మేక రెమ్మ తింటది వదినా. రాయిని గుడ తింటదా?” అన్నాడు కాక.

ఆ మాట ఖేడ్ బజార్లో చాలా రోజులు నడిచింది. అప్పను చూస్తే కొందరు “ఏమయ్యా, రాయి దొరికిందా?” అనేవాళ్లు. అప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. “నేను పెట్టిన” అని ఒక్కసారి చెప్పాడు. మళ్లీ చెప్పలేదు.

వారం తర్వాత, ఆయన సైకిల్ చెయిన్‌కు నూనె వేస్తుండగా నేను అడిగాను. “నిజంగా పెట్టినవా అప్పా?”

ఆయన నా వైపు చూశాడు. మళ్లీ నూనె వేయసాగాడు. ఆ చూపు నన్ను ఎన్ని రాత్రులు మేలుకొలిపిందో డైరీలకే తెలుసు. ఎక్కడ పెట్టావని అడిగి ఉండాల్సింది. ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

మూడేళ్ల కింద అప్ప పోయాడు. పాడె లేచేటప్పుడు బసప్ప కాక రోడ్డుకు అవతలి పక్కన నిలబడ్డాడు. ఇవతలికి రాలేదు.

ఆ తర్వాతే నాకు ఆదివారాలు సైకిల్ మీద తిరగడం అలవాటైంది. అప్ప చెప్పిన ఊళ్ల పేర్లు, గుట్టలు, బురుజులు అన్నీ చిన్నప్పుడు డైరీలో రాసుకున్నాను. అవి చూసుకుంటూ వెళ్లేదాన్ని. మెయిన్ రోడ్డు ఎక్కేదాన్ని కాదు. బోరంచ నల్లపోచమ్మ గుడికి ఆదివారం బండ్లు ఎక్కువ. ఆటోల్లో తెలిసినవాళ్లు కనబడతారు, ఎక్కడికని అడుగుతారు. నాకు జవాబు చెప్పడం కష్టం. ఎడ్లబండ్ల బాటల మీద ఎవరూ అడగరు.

“పెండ్లీడు పిల్ల సైకిలేస్కొని చేన్లెంట తిరుగుతుందంటే ఎవడన్న చేస్కుంటడా?” అనేది అవ్వ. అంటూనే రొట్టె, మిరపకాయ తొక్కు గుడ్డలో కట్టి ఇచ్చేది.

ఆ ఆదివారం నవంబరు చివర. కంది పూత మీద ఉంది. చేల నిండా పసుపు. సగం కూలిన బురుజు దగ్గర ఆగి నీళ్లు తాగాను. దాని నీడలో మూట దించుకుని అప్ప రొట్టె తినేవాడట. గోడ రాళ్ల మధ్య పావురాళ్లు తప్ప ఎవరూ లేరు. అప్ప వీపు ఆనించి కూర్చున్న రాయి ఇదేనా, అదేనా అని కాసేపు వెతుక్కున్నాను. ఏదో ఒకటి ఎంచుకుని కూర్చున్నాను.

అక్కడి నుంచి ట్రాక్టర్ల బాట ఒకటి ముందుకు పోతుంది. గుంతలు ఎక్కువ. పక్కనే తుమ్మ చెట్ల మధ్యలోంచి సన్నగా ఇంకో దారి కనబడింది. గడ్డి మొలిచింది కానీ నేల గట్టిగా ఉంది. నేను అటు తిప్పాను.

ఐదు నిమిషాలు వెళ్లాక ఒక వీరగల్లు వచ్చింది. గుర్రం మీద యోధుడు, పైన సూర్యచంద్రులు. ముఖం అరిగిపోయింది. ఎవరో ఎప్పుడో పూసిన పసుపు పగుళ్లలో మిగిలి ఉంది. ఇది కూడా అప్ప చెప్పిందే. దాని ముందు దారి రెండుగా చీలుతోంది.

ఎడమ బాట మొదట్లో రొట్టె అంత బల్లపరుపు రాయి. దాని కింద నుంచి వేపాకు బయటికి కనబడుతోంది.

సైకిల్ స్టాండ్ వేయలేదు. అలాగే పడేశాను. కూర్చుని చూశాను. ఆకులు ఎడమవైపుకు ఉన్నాయి. పచ్చగా ఉన్నాయి. రాయి సులువుగా లేవలేదు, నేలలోకి దిగి ఉంది. రెండు చేతులతో లేపాను. కింద గడ్డి వెలుతురు లేక పాలిపోయి తెల్లగా, వెంట్రుకల్లా ఉంది. చీమలు గుడ్లు నోట కరుచుకుని పరుగెత్తాయి. ఏళ్ల తరబడి కదలని రాయి అది. ఆ గడ్డి మీద రెమ్మ. కాడకు ఎర్రటి దారం మూడు చుట్లు చుట్టి ఉంది. విరిచిన చోట వేలు పెడితే తడి తగిలింది. ఒక ఆకు నోట్లో వేసుకున్నాను. చేదు.

చుట్టూ చూశాను. తుమ్మ, మోదుగ తప్ప కనుచూపు మేరలో వేపచెట్టు లేదు. నా సైకిల్ గీత తప్ప ఆ బాట మీద ఇంకో గీత లేదు.

కొంచెం దూరంలో కంది చేను గట్టు మీద ఒక పెద్దామె గడ్డి కోస్తోంది. ఈ బాట మీద ఎవరైనా వచ్చారా అని అడగడానికి నాకు చాలాసేపు పట్టింది.

“గీ బాటకు ఎవరొస్తరు బిడ్డా?” అందామె. “ట్రాక్టరు బాట పడ్డంక మేకలు గుడ రావు. నువ్వెట్ల వచ్చినవ్, తొవ్వ తప్పినవా?”

రాయిని ఉన్నచోటే పెట్టాను. రెమ్మను డైరీలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ దారంతా ఎలా తొక్కానో డైరీలో లేదు, నాకు గుర్తూ లేదు.

అవ్వకు చూపిస్తే ముట్టుకోలేదు. “బసప్పకు చూపియ్యి” అంది.

పన్నెండేళ్లుగా మాట్లాడని మనిషి ఇంటికి వెళ్లడం నాకు దయ్యం ఎదురైన దానికన్నా కష్టం. కాక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను డైరీ తెరిచి ముందు పెట్టాను.

ఆయన రెమ్మను కాదు, దారాన్ని చూశాడు.

“నీకు గీ దారం సంగతి ఎవరు చెప్పిండ్రు?”

ఎవరూ చెప్పలేదన్నాను. పిల్లలు ఆడుకుంటూ పెట్టిన రెమ్మకూ తమ రెమ్మకూ తేడా తెలియాలని కాడకు చీర అంచు దారం చుట్టేవాళ్లట. అప్పది ఎరుపు, కాకది పచ్చ. చుట్లు మూడు. ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పలేదట. నేను అవ్వను అడిగాను. ఆమెకు నిజంగానే తెలియదు.

మరునాడు కాలేజీకి సెలవు పెట్టాను. కాక, నేను ఆటోలో కొంత దూరం పోయి, అక్కడి నుంచి నడిచాం. వీరగల్లు దగ్గర ఆయన రాయి చూశాడు. తర్వాత తుమ్మ కంపలు తప్పించుకుంటూ అడ్డంగా అవతలికి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. యాభై అడుగులు కూడా లేదు. అక్కడ ట్రాక్టర్ల బాట ఉంది. అది కూడా అక్కడే రెండుగా చీలుతోంది. ఇక్కడి నుంచి వీరగల్లు కనబడదు. అక్కడి నుంచి ఇది కనబడదు.

“నేను ఈడ కూసున్న,” అన్నాడు కాక.

మళ్లీ తనే చెప్పాడు. “ముందురోజు రాత్రి వాన గొట్టింది. నేను కంగ్టిల చుట్టాలింట్ల పండి, గీ బురదల తోసుకుంట వచ్చిన. వాడు సైకిలు దిగి తోసే రకం కాదు. పాత బాట పట్టిండు. బురదకు నేను గూడ అటే వస్తననుకొని ఆడ పెట్టి పోయిండు.”

 ఖేడ్‌లో ఆటో దిగాక కాక తన ఇంటి వైపు పోకుండా మా ఇంటి వైపు నడిచాడు. గడపలో చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, అప్ప ఫొటో కింద కూర్చున్నాడు.

“వదినా, నీళ్లియ్యి,” అన్నాడు.

అవ్వ చెంబు ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో చాలాసేపు గిన్నెల చప్పుడు వినబడలేదు.

ఆ వారమంతా కాక బజార్లో ఒక్కో దుకాణం ముందు ఆగి చెప్పాడు. “తప్పు నాదే. వాడు పెట్టిండు.” ఎవరూ నవ్వలేదు.

ఇద్దరు మనుషులు రెండు చీలికల దగ్గర ఒకరినొకరు తప్పిపోయారన్నది నాకు అర్థమైంది. అందులో వింత లేదు. ఆ రాయి అప్ప పెట్టిందే కావచ్చు. అదీ ఒప్పుకుంటాను. నా చేతిలోకి వచ్చిన రెమ్మ సంగతే తేలడం లేదు. ఎవరో పెట్టారనుకుందామంటే ఆ దారం సంగతి తెలిసిన బతికున్న మనిషి ఒక్కడే. ఆయన మోకాళ్లు పట్టేసి చాలా ఏళ్లుగా సైకిల్ ఎక్కలేదు. అంతా నా ఊహే అనుకుందామంటే కాక చూశాడు, అవ్వ చూసింది.

తర్వాత నాలుగుసార్లు వెళ్లాను. రాయి కింద ఏమీ లేదు. నేను లేపి పెట్టాక రాయి సరిగా ఆనని అంచున గడ్డికి మెల్లగా పచ్చదనం వస్తోంది.

ఆ రాయి నేలలోకి అంతగా దిగడానికి ఏళ్లు పట్టి ఉంటుంది. రెమ్మ విరిచి గంట కూడా అయి ఉండదు. ఈ రెండూ ఒకే చోట ఎలా కుదిరాయో నాకు ఇప్పటికీ తెలియదు.