నీళ్లు పోసినా వదలని బురద

ఎండాకాలం వచ్చిందంటే మా అన్న భూమి మీద ఉండేవాడు కాదు. గోపాల్‌పేట చుట్టుపక్కల ఏ బావి అడుగంటినా పూడిక తీయడానికి అతన్నే పిలిచేవారు. ఊరి బావులు ఎండితేనే మా పొయ్యి మండేది. ఆ సంగతి అమ్మకు సిగ్గుగా ఉండేది. నాకు మాత్రం ఆ పూడిక మీదే చదువు సాగుతోందని తెలుసు.

రెండువేల సంవత్సరం తర్వాత వరుసగా కరువొచ్చిన ఆ ఏళ్లలో నేను వనపర్తి హాస్టల్లో ఉండి బీఎస్సీ చదివేదాన్ని. వేసవి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పెబ్బేరు అవతలి నూనె మిల్లు సూపర్‌వైజరు ఒకాయన మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. మిల్లు బాయిలరుకు మండించే నల్లనూనెను భూమిలో పాతిన పెద్ద ఇనుప ట్యాంకులో నిల్వ ఉంచుతారట. అడుగున మడ్డి పేరుకుంది, తీయాలన్నాడు. "దిగితే బాయి లెక్కనే" అన్నాడు. అమ్మ పక్కింటికి పోయి పాలు అడిగి తెచ్చి మరీ చాయ్ పెట్టింది.

నా చేతిలో కెమిస్ట్రీ పుస్తకం చూసి ఆయనకు తన తెలివి చూపించాలనిపించింది. ఆ నూనెలో నీళ్లు చేరితే మామూలు నూనెలా పైకి తేలదట. రెండూ కలిసి గట్టి ముద్దవుతాయట, ఎన్నాళ్లు ఆగినా విడిపోవట, ఆ ముద్దే మంటగొట్టం నోట్లో ఇరుక్కుని బాయిలరు ఆరిపోతోందట. ఇది నీ పుస్తకంలో లేదా అని నన్ను చూసి నవ్వాడు. నాకు ఒళ్లు మండి లోపలికి పోయాను.

మర్నాడు అన్న, మా చిన్నాయన, ఇంకో మనిషి కలిసి పోయారు. అక్కడ జరిగింది చిన్నాయన చెప్పగా విన్నదే. బావిలోకి దిగే ముందు చెడుగాలి పోవాలని వేపమండ తాడుకు కట్టి లోపల ఆడిస్తారు. అక్కడా ఆడించారు. గాలి తేటపడిందనుకుని అన్న తాడు పట్టుకుని దిగాడు. మడ్డి బిగిసి పార ఆడలేదట. బావిలో బురద బిగుసుకుపోతే ఏం చేస్తారో మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నీళ్లు పోసి, కాళ్లతో తొక్కి, పలచన చేసి ఎత్తుతారు. అన్న అదే చేశాడు. పైనుంచి బిందెలకొద్దీ నీళ్లు పోయించుకుని తొక్కాడు.

పోసిన నీళ్లు పోసినట్టే మాయమయ్యాయట. మడ్డి పలచబడలేదు, పొంగింది. పిక్కల దాకా ఉన్నది తొడల దాకా వచ్చింది. తొక్కినకొద్దీ కంపు లేచింది. బావిలో దిగినవాడు పైవాళ్ల పిలుపుకు 'ఊ' కొడుతూ ఉండాలి, అది మావాళ్ల కట్టుబాటు. అన్న 'ఊ' కొట్టడం ఆపేసరికి తాడు లాగారు. అన్న చేతులకంతా నూనె. ఉత్త తాడు పైకొచ్చింది.

చిన్నాయన నడుముకు మోకు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగి అన్నను పైకి చేర్చాడు. అప్పటికే అంతా అయిపోయింది. దవాఖానలో చూసి తలాడించారు.

శవానికి స్నానం చేయించేటప్పుడు అమ్మ చెంబుతో నీళ్లు పోసింది. ఆ నలుపు పోలేదు. రుద్దినకొద్దీ నీళ్లను పట్టుకుని గోధుమరంగు నురగలా చిక్కబడింది. అమ్మ కుంకుడు రసం పోసింది, బూడిద పెట్టి రుద్దింది.

"నీళ్లు వోస్తే ఎసుంటి బురదైనా ఇడుస్తది. గిదేంది బిడ్డా, ఇడుస్తలేదు?" అని నన్నడిగింది.

చివరికి అలాగే తీసుకెళ్లారు. నీళ్లు పొయ్యమని మేం చెప్పలేదు, వాళ్లే పోసుకున్నారు అని మిల్లువాళ్లు అన్నారు. పంచాయితీలో పెద్దలు కూడా అవునన్నట్టే తలూపారు. ఆ తలలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.

అమ్మ అడిగినదానికి జవాబు పీజీలో దొరికింది. ముడి చమురులో అస్ఫాల్టీన్లని బరువైన నల్లటి పదార్థం ఉంటుంది. పెట్రోలు, డీజిలు తీసేశాక మిగిలే మందపు నూనెలోకి, అంటే మిల్లువాళ్ల నల్లనూనెలోకి, అది మరీ ఎక్కువగా చేరుతుంది. వేడి మారినా, వేరే రకం నూనె కలిసినా విడివడి అడుగుకు దిగి మడ్డి కడుతుంది. నీళ్లు తగిలితే ఒక్కో బొట్టు చుట్టూ గట్టి పొరలా అల్లుకుంటుంది. ఒక బొట్టును ఇంకో బొట్టుతో కలవనివ్వదు. బొట్లు కలవకపోతే నీళ్లు విడిపోవు. ఎంత తొక్కితే బొట్లు అంత చిన్నవవుతాయి, ముద్ద అంత గట్టిపడుతుంది, మడ్డిలో చిక్కుకున్న విషవాయువు అంత పైకి లేస్తుంది. మా అన్న తన పని తాను చక్కగా చేసుకున్నాడు. చక్కగా చేసినందుకే పోయాడు.

నాగర్‌కర్నూల్లో కాలేజీ ఉద్యోగం వచ్చాక అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఒకరోజు మజ్జిగ చిలుకుతుంటే పక్కన కూర్చుని, ఎప్పుడో అడిగిన దానికి జవాబు చెప్పాను. బొట్టు, దాని చుట్టూ పొర, అన్నీ అర్థమయ్యేలా చెప్పాను. అమ్మ కవ్వం ఆపి విన్నది.

"గీ ముచ్చట ఆ మిల్లాయనకు తెల్వదా?"

"తెలుసమ్మా. మన అరుగు మీద కూసోనే చెప్పిండు."

అమ్మ కవ్వాన్ని కుండలోంచి తీసి పక్కన పెట్టింది.

"పాలు అడుక్కొచ్చి చాయ్ వోస్తి గదనే ఆయనకు" అంది.