తెలిసినది అడగని ప్యో టీచర్

ప్యో గ్యొంగ్‌సుక్ టీచరుకు ఒకటే పిచ్చి: జవాబు తనకు తెలిసిన ప్రశ్న చచ్చినా అడగరు. ఆ పిచ్చికి శిక్ష అన్నట్టు, కొరియాలోని జెజు దీవిలో ఆవిడ పనిచేసే బడివాళ్ళు ఏటా ఆవిడకు ‘అడుగు తరగతి’ అంటగట్టేవారు. ఇంగ్లీషు రానివాళ్ళను ఏరి, వంటగది వెనక గదిలో కుక్కిన తరగతి అది. ఆవిడ మాత్రం “పులుసు వాసన ముందు మనకే వస్తుంది!” అని మురిసిపోయేవారు.

“పెన్సిల్ చూపించి ఇదేమిటని అడగరేం?” అన్నారు వైస్ ప్రిన్సిపాల్ కో గారు.

“పెన్సిలని నాకు తెలుసు కదండీ!”

ఆవిడ ఇంగ్లీషులో అడిగేవి వేరు. కమలాపళ్ళ తోటలో మీ మామయ్య ఎవరితో పోట్లాడాడు? ఎవరు గెలిచారు? ‘గూబ గుయ్యిమంది’ని ఇంగ్లీషులో ఏమంటారో తెలియక పిల్లలు డిక్షనరీ కోసం కొట్టుకునేవారు.

సోల్హీ ఒక్కతే నోరు విప్పేది కాదు. పాత తరగతిలో ఒకసారి తప్పు చెబితే అందరూ నవ్వారు. అంతే, నోటికి తాళం పడింది.

పిల్లల ఇళ్ళనుంచి పెద్దలొచ్చి పాఠం చూసే రోజు వచ్చింది. ప్రశ్నలూ జవాబులూ ముందే బట్టీ పట్టించడం ఆనవాయితీ. కో గారు కాగితం చేతిలో పెట్టి బతిమాలారు: “పిల్లలు మాట్లాడకపోతే ఈ తరగతీ ఉండదు, మీరూ ఉండరు. ఈ ఒక్కరోజూ తెలిసినవే అడగండి తల్లీ!”

ఆవిడ కాగితం చూశారు. మొదటి ప్రశ్న: ఈరోజు ఏ వారం?

“మంగళవారమేగా,” అని గొణిగి మడిచేశారు.

వెనక వరసలో సోల్హీ అమ్మమ్మ ఉంది. సముద్రంలో మునిగి నత్తలేరే మనిషి, తడి జుట్టుతోనే వచ్చేసింది.

“సోల్హీ,” అన్నారు టీచర్ ఇంగ్లీషులో, “నేను సియోల్ మనిషిని, సముద్రం సంగతి తెలియదు. నీళ్ళలోంచి తేలగానే మీ అమ్మమ్మ ఈల వేస్తుంది. ఎందుకు?”

సోల్హీ లేచింది. “గ్రాండ్‌మదర్... నో ఎయిర్. లాంగ్, లాంగ్ నో ఎయిర్. దెన్...” నోరు సున్నాలా చుట్టి ఈల వేసింది. “మీన్స్... ఐ యామ్ అలైవ్!”

ఒక్క ఇంగ్లీషు ముక్క రాని అమ్మమ్మ, వెనక నుంచి బదులు ఈల వేసింది. సముద్రమే లేచి గదిలోకి వచ్చినట్టయింది. ఊపిరి తీసుకోవడం మరిచిన కో గారు చెయ్యెత్తి, ఇంగ్లీషులో తడబడుతూ అడిగారు: “ఎంత... ఎంత లోతుకు వెళుతుంది?”

ఆ ప్రశ్న కాగితంలో లేదు.

“ఏమందే మా పిల్ల? నన్ను తిట్టిందా?” అని అమ్మమ్మ పక్కావిడను గిల్లుతోంది.

తరగతి నిలబడింది, టీచరు ఉద్యోగమూ నిలబడింది. ఇంతకీ ఏమిటీ పిచ్చి అని కో గారు అడిగితే ఆవిడ నవ్వారు: “తెలిసింది అడిగితే పిల్ల తప్పు చెబుతుందేమో అని చూస్తాం. తెలియంది అడిగితే వినడం తప్ప గతి లేదు కదండీ!”

అయ్యలారా, అమ్మలారా, ఈ సాయంత్రం మీ పిల్లల్ని మార్కులు అడగకండి, మీకు నిజంగా తెలియనిదేదైనా అడగండి. మీ ఊరి బడిలోనూ ఓ వెనక గది ఉంటే, అది ఎందుకుందో వెళ్ళి నిలదీయండి.