ఐసులో పులస

రాజోలు చేపల బజారులో ఐసు దిమ్మ పగలగొట్టినప్పుడల్లా ఆ చల్లటి పొగ మొహానికి తగిలి, మా వెంకట్రాజు గారు ఎదురుగా నిలబడినట్టే ఉంటుంది. ఆయన ఐసు ఫ్యాక్టరీ మొత్తం నా చేతి మీదే నడిచేదండి. అంటే, వాల్వులు తిప్పేవాణ్ణి.

విదేశాల్లో చనిపోయినవాళ్లను గడ్డకట్టించి దాస్తున్నారనీ, ఎప్పటికైనా సైన్సు వాళ్లను లేపుతుందని ఆశనీ ఆయన ఎక్కడో చదివేరు. అంతే, డాక్టరు గుండెకు చెయ్యాలన్న ఆపరేషను వాయిదా వేసేరు. "ఐసుండగా కత్తెందుకోయ్? చంద్రుడి మీద ఊళ్లు కడతారట. నేను చూడొద్దూ?" అన్నారు. "ఆయ్, చూడాలండి," అన్నాను. జీతం ఇచ్చేవారు కదా. "అయితే ఆ మూల గది నాకు అట్టేపెట్టు." వరదలకు వచ్చిన పులసనొకదాన్ని కొని అక్కడే దిమ్మలో పెట్టించేరు. లేచేక ఆయన మొదటి భోజనమట. ఆ చేప నా అంత పొడుగు. కాదులెండి, మూరెడు.

వేసవిలో సంగతి వాళ్లావిడ సత్యవతమ్మ గారికి తెలిసింది. "పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ దాచమన్నారా? సరే, లేచేరే అనుకోండి, పులుసెవరు పెడతారు?"

"నువ్వూ పక్క దిమ్మలో ఉంటావుగా."

"నాకు చలి పడదండి. జలుబు చేస్తుంది."

ఆయన మొహం చిన్నబోయింది. ఆవిడ మాత్రం చేపను బయటికి తీయించి, బెండకాయలు వేసి, కుండలో సన్నసెగ మీద పులుసు పెట్టేరు. ఆ వాసనకు అవతలి ఊరి జనం కూడా పరిగెత్తుకొచ్చేరు. నిజానికి వచ్చింది పిల్లి ఒక్కటే. అందరం కూర్చున్నాం. ముక్క నోట్లో పెడితే ఒట్టి పీచు. ఆయన చాలాసేపు నమిలేరు.

"ఏమోయ్, పులసే ఇలా అయిపోతే, నేనేమైపోతాను?"

"మీలో మొదట్నుంచీ పీచే కదండీ," అన్నారు ఆవిడ.

ఆయనకు నవ్వీ నవ్వీ పొలమారింది. మంచినీళ్లు తాగి, "ఆ గది రొయ్యలకిచ్చెయ్. రేపు ఆస్పత్రికి కారు చెప్పు," అన్నారు.

గుండె బాగుపడింది. ఆ తర్వాత చాలా వరదలు చూసేరు. పులస దొరికిన రోజే వండించి మమ్మల్నందర్నీ పిలిచేవారు. చివరికి ఆయన పోయినప్పుడు ఐసులో ఉన్నది ఒక్క పూటే, కూతురు మస్కట్ నుంచి దిగేదాకా. అద్దంలాంటి దిమ్మలు నేనే ఏరి పెట్టేను.

ఇప్పటికీ గోదావరికి ఎర్రనీళ్లు వస్తే పులస కొని వీధంతా పిలుస్తాను. కొనేది మా అబ్బాయి, పిలిచేది మాత్రం నేనే. పులస పులుసు మర్నాటికే రుచి అంటారు. మా ఇంట్లో మర్నాటికి మిగలనివ్వను.