ఉస్తాద్ కుట్టిన గాలిసంచి

మా ఉస్తాద్ పోయాడని సోమవారం పొద్దున ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "అన్నా, నీ లెక్క మజాక్ చేస్తలేను" అని ముందే చెప్పింది. నా సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

గడ్డిఅన్నారంలో ఆయనది టైలర్ దుకాణం. బడి మానేసిన నాకు పని నేర్పి, రెండో మిషను ఇచ్చింది ఆయనే. అంగీలు అందరూ కుడతారు. ఆయన బేగంపేట ఎయిర్‌పోర్టుకు గాలిసంచి కూడా కుట్టేవాడు. రన్‌వే పక్కన స్తంభానికి కట్టే నారింజ, తెలుపు పట్టీల గుడ్డ గొట్టం అది. గాలి ఎటు పోతే దాని తోక అటు తిరుగుతుంది. నిజాం కాలం నాటి ఆ మైదానానికి టవర్లు, రాడార్లు ఎన్ని వచ్చినా ఆ గుడ్డ అవసరం తీరలేదు. ఎండకు వెలిసినప్పుడల్లా కొత్తది కావాలని మనిషి వచ్చేవాడు.

"అంగి కుట్టు పోతే సిగ్గు పోతది. దీని కుట్టు పోతే పానాలు పోతయ్" అంటూ ప్రతి కుట్టూ రెండుసార్లు వేసేవాడు.

ఒకరోజు నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. "ఉస్తాద్, ఎయిర్‌పోర్టు నుంచి ఫోనొచ్చింది. మీ సంచి ఉల్టా చూపిస్తుందంట" అన్నాను. ఆయన తింటున్న డబ్బా మూసి, కత్తెర జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. ఆపుదామనుకునేలోపే బస్సు కదిలింది.

సాయంత్రం తిరిగొచ్చాడు. తిట్లకు సిద్ధమై తల వంచుకున్నాను.

"గేటుకాడి సిపాయి నవ్విండు. గా నవ్వు చూసినంకనే సమజైంది, ఇది నీ పనేనని."

"తప్పైంది ఉస్తాద్."

"జర ఆగు. గంత దూరం ఒచ్చిన్నని లోపటికి తీస్కపోయి చూపిచ్చిండు. ఇన్నేండ్ల సంది కుడుతున్న గని, అది గాలి మింగుడు ఇయ్యాలనే చూసిన. మల్ల పోదాం, నువ్వు గూడ రా."

రేపు, ఎల్లుండి అంటూ నేనే జరిపాను. ఇంతలో జనం ఎక్కే విమానాలన్నీ శంషాబాద్‌కు వెళ్లిపోయాయి. సంచుల కోసం వచ్చే మనిషి రావడం మానేశాడు. చివరిగా కుట్టింది అలమారలోనే ఉండిపోయింది. "ఎప్పుడు పోదాంరా?" అని మొన్న దవాఖానలో కూడా అడిగాడు. "మీరు లేవండి, పోదాం" అన్నాను.

పదకొండో రోజు అయ్యాక ఆ సంచిని దుకాణం మిద్దె మీద ఇనుప గొట్టానికి కట్టాను.

"ఏందన్నా అది?" అని కింద నుంచి పక్క దుకాణపాయన అడిగాడు. ఏదో ఒక మజాక్ నోటిదాకా వచ్చింది గానీ అనలేకపోయాను.

"మా ఉస్తాద్ కుట్టిండు" అన్నాను.

చాలాసేపు అది ముడుచుకుని వేలాడింది. తర్వాత చంపాపేట్ వైపు నుంచి గాలి వచ్చింది. సంచి నిండుగా లేచి, తోక బేగంపేట దిక్కు చాచి నిలబడింది.