మార్పు లేదని రాసిన ఫారం

"అక్కా, నా ఉద్యోగం పోతుందా?"

కూర్చోమనకముందే అడిగేసింది. ఆమె ప్రభుత్వ నీటి పరీక్షల ల్యాబులో కెమిస్టు. ఇంట్లో ఎనిమిది నెలల పాప. ఎదురుగా కూర్చున్నది ఆ ఆఫీసు పెద్ద గుమాస్తా. ఉద్యోగుల ఆస్తుల ఫారాలన్నీ పదిహేనేళ్లుగా ఆమె చేతిమీదుగానే వెళ్తున్నాయి. ఏ కాగితాన్నయినా ఇంకో కాగితానికి గుచ్చందే కదలనివ్వదని చాటున అందరూ ఆమెను గుండుసూది అంటారు.

"ఉద్యోగమేమన్నా పిట్టా, ఎగిరిపోవడానికి? ఏం చేశావో చెప్పు."

చెప్పింది. అందరూ రాసేదే కదా అని పోయిన నెల ఆస్తుల ఫారంలో 'గత సంవత్సరం నుంచి మార్పు లేదు' అని రాసి సంతకం పెట్టింది. ఈ ఉదయం పాపకు నీళ్లు పోస్తూ అత్తగారు చల్లగా బయటపెట్టింది. తన గాజులమ్మి, మనవరాలి పేరున చిన్న స్థలం కొన్నదట, నాలుగు నెలల కిందటే! "ముందే చెబితే నువ్వు వద్దంటావుగా!" అని నవ్వింది కూడా. తీరా ఆఫీసుకొస్తే నోటీసు బోర్డు మీద కాగితం: ఈసారి అన్ని ఫారాలూ తనిఖీ చేస్తారు. కుటుంబంలో ఎవరి పేరున ఉన్నా చూపించి తీరాలి.

"ఆ ఫారం ఒక్కసారి ఇవ్వక్కా. మార్చి ఇచ్చేస్తా. మూడో కంటికి తెలీదు."

గుండుసూది బీరువా తాళాలు సొరుగులో పడేసి మూసింది.

"ఇరవై ఏళ్ల కిందట నేనూ ఇలాగే బతిమాలా. మా అన్నయ్య ఇంట్లో వాటా రాసిస్తే ఫారంలో చూపించలేదు. అప్పుడీ కుర్చీలో ఉన్నాయన జాలిపడి కాగితం తీసిచ్చాడు. మార్చా. కాగితం మారింది గానీ, ఫారం అందినప్పుడు రిజిస్టర్లో వేసిన తేదీ మారదుగా? అక్కడే దొరికిపోయాం. మరిచిపోయినందుకైతే మందలించి వదిలేసేవాళ్లు. మార్చినందుకు ఎనిమిది నెలల సస్పెన్షన్, నాకూ ఆయనకీ. మా వాడు రోజూ పొద్దున్నే అడిగేవాడు, 'అమ్మా, ఇవాళ కూడా సెలవేనా?' అని."

గుండుసూది కుర్చీ చూపించింది.

"ల్యాబులో అంకె తప్పు రాస్తే ఏం చేస్తావ్? పేజీ చింపుతావా?"

"లేదక్కా. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొడతాం. పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెడతాం."

"మరి? ఇంత చదివి నాతో చెప్పిస్తావేం?"

ఈమె తెల్లకాగితం తీసుకుంది. మర్యాదలతో మొదలుపెట్టి నాలుగు వరుసలు రాస్తే, గుండుసూది చూసి పక్కన పడేసింది.

"భయపెట్టే మాటే మొదటి వరుసలో రాయమ్మాయ్. అడుక్కి నెట్టావో, దాచినట్టే ఉంటుంది."

మళ్లీ రాసింది. గుండుసూది దాన్ని పాత ఫారానికి గుచ్చి నంబరేసింది.

పదిహేడు రోజులు ఫోను మోగితే ప్రాణం పోయినంత పనయ్యేది. పాపకు పాలిస్తున్నా చెవులు గుమ్మం మీదే. పద్దెనిమిదో రోజు మెమో వచ్చింది: ఇకపై జాగ్రత్తగా ఉండవలెను. అంతే.

మొన్న పాపను డాక్టరు దగ్గరికి పరుగున తీసుకెళ్లింది. కాస్త వాంతి అయిందండీ అని మొదలుపెట్టబోయి ఆగింది.

"మంచం మీంచి పడిందండీ. నేనే పక్కకి తిరిగాను."