బాంబూఫ్లాట్‌లో ఇంటింటికీ గాలి అడిగాం

మా కాలేజీ నోటీసు బోర్డులో మొదట ‘విదేశీ అధ్యయన యాత్ర: తరగని ఇంధనాలు, పొదుపైన జీవనం’ అని పెట్టారు. ఒక్కరికీ పాస్‌పోర్టు లేదని తేలాక ‘విదేశీ’ని కొట్టేసి ‘అండమాన్’ అని రాశారు. నేను మొహం ముడుచుకుంటే ప్రిన్సిపాల్ గారు, “సముద్రం దాటుతున్నారా లేదా?” అని గదమాయించారు. దాటుతున్నాం. ఫిజిక్స్ చెబుతున్న పాపానికి నేను, నాతో ఆరుగురు విద్యార్థులు, ఒక గాలిమర.

గాలిమర రెండో సంవత్సరం చదివే మాధురిది. ప్లాస్టిక్ పైపు కోసి రెక్కలు చేసి, పాత మోటారుకు బిగించి, వేసవంతా వాళ్లమ్మ వంటింటిని ఆక్రమించి తయారుచేసింది. యాత్ర నడిపేవాళ్ల షరతు ఒకటే: తీసుకెళ్లిన పరికరాన్ని అక్కడి ఇంటివాళ్లెవరైనా తమంతట తామే “మాకు ఉంచండి” అనాలి. అంటే ప్రాజెక్టు పాసు. అనకపోతే మూటగట్టుకుని రావడమే. తన గాలిమర అండమాన్‌లో స్థిరపడుతుందని మాధురి అప్పటికే హాస్టలంతా చాటేసింది.

సాయంత్రం సామర్లకోటలో రైలెక్కి, పొద్దున చెన్నైలో దిగి విమానం పట్టుకున్నాం. తనిఖీ దగ్గర రెక్కల్ని చూసి “వాటీజ్ దిస్?” అన్నారు. “ఫ్యూచర్, సర్,” అంది మాధురి. ఫ్యూచర్‌ను లగేజీలో వేయమన్నారు.

పోర్ట్ బ్లెయిర్‌లో బస లంబాలైన్‌లో. విమానాశ్రయం పక్కనే కాబట్టి ఆటో ఖర్చు మిగిలింది, చెవులు మాత్రం మిగల్లేదు. మర్నాడు ఐదింటికే పట్టపగలైపోయింది. పిల్లలు ఫోన్లు చెడిపోయాయనుకుని మళ్లీ ముసుగుతన్నారు. లేపి, పూరీలు తినిపించి, మిగతా ఐదుగుర్ని వాళ్లు చేసుకొచ్చిన సోలార్ పొయ్యితో వండూర్ బస్సెక్కించాను. నేనూ మాధురీ గాలిమర మోసుకుంటూ చాతం జెట్టీకి వెళ్లి బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కాం.

అక్కడ అందరూ హిందీయే మాట్లాడతారని ఎవరో చెప్పారు. దాంతో మాధురి తెలుగును లంబాలైన్‌లోనే వదిలేసి వచ్చింది. దాని హిందీ సీరియళ్లలో నేర్చుకున్నది. నా హిందీ అంతకన్నా అధ్వాన్నం కాబట్టి వెనక నిలబడి తలూపే పని నాది.

మొదటి ఇంటి తలుపు తట్టి, “ఆప్ కే ఘర్ పే గాలీ బహుత్ ఆతా హై. హమ్ కో థోడా గాలీ చాహియే,” అంది. మీ ఇంటిమీద గాలి బాగా వీస్తోంది, మాకు కొంచెం కావాలి అని దాని ఉద్దేశం. ఆ ఇల్లాలు మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, బిడ్డను లోపలికి లాగి తలుపేసుకుంది. రెండో ఇంట్లో పెద్దాయన, “బేటీ, అచ్ఛే ఘర్ కీ లగ్‌తీ హో,” అని, మంచింటి పిల్లలా ఉన్నావంటూ చాలాసేపు బుద్ధులు చెప్పాడు. మూడో చోట వల బాగుచేసుకుంటున్న మనిషి మాత్రం అడిగిందే తడవుగా ఇచ్చాడు. పొడుగ్గా, గట్టిగా, నా వైపు వేలు కూడా చూపిస్తూ ఇచ్చాడు. నాకు ముక్క అర్థం కాలేదు. మాధురి “థాంక్యూ అంకుల్” అంది.

ఇంతలో పక్క డాబా మీంచి తెలుగులో నవ్వు వినిపించింది. నవ్వుకు భాషేమిటంటారా? “ఓలమ్మో!” అని మొదలైంది మరి.

“ఏటే పిల్లా, పొద్దున్నే ఇంటింటికీ ఎల్లి తిట్లు అడుగుతున్నావు? పూరా గల్లీ పరేషాన్! హిందీలో గాలీ అంటే తిట్టు. నీకు కావాల్సింది హవా!”

మాధురి రోడ్డు మీదే చతికిలబడింది. నేను మాత్రం ఆ వల మనిషి నన్నేమని ఉంటాడా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

ఆ నవ్విన మనిషి ఎర్రమ్మ. తాతల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన కుటుంబం, పుట్టడం ఇక్కడే. అందరికీ దీదీ, మాకూ దీదీయే అయింది. డాబా నిండా చేపలు ఎండబెట్టి, చేతిలో కర్రతో కాకుల మీద యుద్ధం చేస్తోంది.

“పెట్టుకోండి మాస్టారూ, జగా ఉంది. చేపలు తొక్కకండి, అంతే.”

పెట్టాం. గాలి రాలేదు. ఊరంతా అడిగి మరీ తిట్లు తెచ్చుకున్నాం గానీ ఆ రోజు ఆకు కదిలితే ఒట్టు. సోలార్ పొయ్యిని వండూర్‌లో ఒక టీకొట్టాయన అప్పుడే అడిగి ఉంచేసుకున్నాడని ఫోన్ వచ్చింది. మాధురి “మంచిది” అని అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. దాని వేసవంతా గాలిమర బిగించిన కర్రకు వేలాడుతోంది. నాకు ఎంత బాధేసిందంటే, ఎవరూ చూడకుండా రెక్కల్ని నోటితో ఊదాను కూడా.

మర్నాడు ఉదయం సముద్రం మీంచి గాలి లేచింది. గాలిమర గిర్రున తిరిగింది. దానికి తగిలించిన బల్బు వెలిగిందంటే వెలిగింది, చేయి అడ్డం పెట్టి చూస్తే. అప్పుడే పరీక్షకు యాత్ర నడిపే మేడమ్ వచ్చి, “కైసా హై, దీదీ?” అంది.

“బహుత్ బఢియా! పొద్దుట్నుంచి ఒక్క కాకి వాలితే ఒట్టు. ఇది ఇక్కడే ఉంచీండి. తీసుకెల్తే ఊరుకోను.”

మాధురి మొహం మాడిపోయింది. “దీదీ, అది కరెంటు కోసం!”

“కరెంటు ఆఫీసోల్లు ఇస్తారే తల్లీ. కాకుల్ని తోలీవోడు ఎవడున్నాడు నాకు?”

మేడమ్ నవ్వాపుకుంటూ పాసు చేసింది. మాధురి మాత్రం తిరుగు ఫెర్రీలో మూతి ముడుచుకునే కూర్చుంది. జెట్టీ వెనకబడుతుంటే దూరంగా ఆ డాబా కనిపించింది. రెక్కలు తిరుగుతున్నాయి. పక్కన ఎర్రమ్మ కర్ర పడేసి, కాళ్లు బారజాపుకుని టీ తాగుతోంది. మాధురి లేచి ఫెర్రీ అంచు పట్టుకుని అటు చూసింది. తర్వాత, “సర్, కాకులకైతే రెక్కలు ఇంకాస్త వెడల్పుండాలి కదా?” అంది.

ఈ యాత్రలో నేను నేర్చుకున్నది అదేననుకుంటాను. మనం ఇవ్వాలనుకున్నది వేరు, వాళ్లకు అక్కరకొచ్చింది వేరు. రెండోదానికే మా పిల్ల పాసయింది.

చెన్నైలో రైలెక్కుతుంటే ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, ఎంత కరెంటు పుట్టించారని అడిగారు. మాధురి ఫోన్ లాక్కుని, “ఒక దీదీ కూర్చుని టీ తాగేంత, సర్,” అంది.

“అంటే ఎన్ని వాట్లు?” అన్నారాయన.

ఇన్నేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న నేను ఫోన్ వెనక్కి లాక్కున్నాను. సిగ్నల్ లేదని పెట్టేశాను.