గొంతులో టెంక

"దూడ నోట్లె చెయ్యి పెట్టినవా బిడ్డా?" అంటూ పక్క సీట్లోని ఆవిడ నా కొడుకు వేళ్లు విప్పి చూసినప్పుడు నాకు మొదటిసారి భయమేసింది.

మా దూడ చొంగ కారుస్తూ మేత ముట్టడం లేదని, గొంతులో మామిడి టెంక ఇరికిందేమోనని తానే చెయ్యి పెట్టి వెతికానని, కరీంనగర్ బస్సులో వాడు ఆమెకు గొప్పగా చెప్పాడు. మా ఊళ్లో అందరూ చేసే పనే అది. ఆమె పశువుల డాక్టరట.

"పిచ్చికుక్క కరిచిన దూడ గూడ గట్లనే చేస్తది చెల్లె. వేలు మీద పన్ను గీరింది. దిగంగనే సబ్బుతోని కడిగి, సూది ఏయించు."

"టెంకనే కావచ్చు కదక్కా?"

"మా ఆయన గూడ పశువుల డాక్టరే. గీ రోగం గురించి ఇద్దరం ఒక్క క్లాసులనే చదువుకున్నం. అయినా ఒక దూడ తిప్పలు సూడలేక, గ్లౌజుల్లేకుంటనే చెయ్యి పెట్టిండు. టెంకనే అనుకోని సూది ఏసుకోలే. నాకు దక్కలే."

ఆమె ఆస్పత్రి దాకా మాతో వచ్చింది. సూది వేసేవరకు వాడి చెయ్యి వదల్లేదు. ఇప్పటికీ వాడు నిద్రపోయాక ఆ వేళ్లు విప్పి చూస్తుంటాను.

సూది వేయించిన మర్నాడు పొద్దున, దూడ చనిపోయిందని వాడికి చెప్పాను.

"నేను టెంక తియ్యలేదనా అమ్మా?" అన్నాడు వాడు.

"దాని గొంతుల ఏం లేకుండె బిడ్డా" అన్నాను.